పేరుకూ రంధ్రానికీ మధ్య: ఫ్లోరిడా బ్యాలెట్లపై ఒక ఫారాల డిజైనర్ కేస్ స్టడీ

ఫారాలు తయారుచేయడం నా వృత్తి. ఆసుపత్రి ఓపీ పత్రాలు, బ్యాంకు దరఖాస్తులు, పథకాల అర్జీలు, వాటినే ఫోనులో నింపుకునే పేజీలు నా చేతి మీదుగా వెళ్తుంటాయి. మా బృందంలో కొత్తగా చేరినవారికి మొదటి రోజున ఒక పాత బ్యాలెట్ ఫొటోను అసలు కొలతలో అచ్చువేసి ఇచ్చి, ఎడమ పేజీలో రెండో పేరుకు ఓటు వేయమంటాను. చదువుకున్నవారు, డిజైన్‌లో పట్టా ఉన్నవారు కూడా ఒక్క క్షణం పెన్ను గాలిలో ఆపి, ఎడమకూ కుడికీ చూసుకుని, తర్వాతే గుర్తు పెడతారు. అది 2000 నవంబరు 7న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, పామ్ బీచ్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) అధ్యక్ష ఎన్నికకు వాడిన బ్యాలెట్. రెండు పేజీలు రెండు రెక్కల్లా కనిపిస్తాయి కనుక దానికి సీతాకోకచిలుక బ్యాలెట్ అనే పేరు స్థిరపడింది.

చెడ్డ డిజైన్‌కు ఉదాహరణలు మన చుట్టూ ఎన్నో ఉండగా ఇరవై ఏళ్లు దాటిన అమెరికా బ్యాలెట్‌ను ఎంచుకోవడానికి కారణాలున్నాయి. దాని తయారీలో దురుద్దేశం లేదు, నిర్లక్ష్యం కూడా లేదు. దానివల్ల జరిగిన పొరపాట్లను లెక్కించి చూపగల ఆధారాలు మిగిలాయి. పైగా అదే రాష్ట్రంలో 2006లో ఒకసారి, 2018లో మరోసారి, వేర్వేరు యంత్రాల మీద, అదే జాతి తప్పు మళ్లీ జరిగింది. ఒక తప్పు నుంచి ఏమి నేర్చుకోవాలో ఏమి నేర్చుకోలేదో పక్కపక్కన పెట్టి చూడగలిగే సందర్భాలు మా రంగంలో అరుదు.

బ్యాలెట్ ఎలా ఉండేది

అప్పట్లో ఆ కౌంటీలో పంచ్ కార్డులతో ఓటు వేసేవారు. బల్ల మీద ఒక చిన్న పెట్టె లాంటి పరికరం ఉంటుంది. ఓటరు తన కార్డును దాని పైభాగం నుంచి లోపలికి దూరుస్తారు. కార్డు మీద అభ్యర్థుల పేర్లేవీ ఉండవు. పేర్లన్నీ పరికరానికి బిగించిన చిన్న పుస్తకంలో ఉంటాయి. పుస్తకం పక్కగా నిలువు వరుసలో రంధ్రాలు కనిపిస్తాయి. తాను కోరుకున్న పేరుకు ఎదురుగా ఉన్న రంధ్రంలో సూది లాంటి పుల్లతో గుచ్చితే, కింద ఉన్న కార్డులో చిన్న ముక్క ఊడిపోయి చిల్లు పడుతుంది. ఈ పద్ధతిలో పేర్లు సాధారణంగా రంధ్రాలకు ఒకే వైపున ఉంటాయి.

ఆ ఏడాది పది పార్టీల నుంచి అధ్యక్ష, ఉపాధ్యక్ష అభ్యర్థుల జంటలు బరిలో ఉన్నాయి. 1998లో ఫ్లోరిడా తన రాజ్యాంగాన్ని సవరించి చిన్న పార్టీలకు బ్యాలెట్‌లో చోటు దొరకడం సులభం చేయడమే ఇందుకు కారణం. పది జంటలను ఒకే పేజీలో ఇమిడ్చితే అక్షరాలు చిన్నవైపోతాయి. పామ్ బీచ్‌లో పదవీ విరమణ చేసి స్థిరపడిన వృద్ధులు ఎక్కువ. ఎన్నికల పర్యవేక్షణ అధికారి థెరీసా లెపోర్ వారిని దృష్టిలో పెట్టుకుని, అక్షరాలు పెద్దవిగా ఉంచి, పేర్లను రెండు ఎదురెదురు పేజీల్లోకి పంచారు. రంధ్రాల వరుస మధ్యలోకి వచ్చింది. పెద్దవాళ్ల కంటికి సౌకర్యంగా ఉండాలన్న ఆ ఆలోచన పట్ల నాకు గౌరవమే తప్ప మరో భావం లేదు. ఆ స్థానంలో నేనున్నా బహుశా ముందుగా అక్షరాల సైజు గురించే ఆలోచించేవాడిని.

ఎడమ పేజీలో మొదట రిపబ్లికన్ పార్టీ జంట బుష్, చేనీ. దాని కింద డెమొక్రటిక్ జంట గోర్, లీబర్‌మన్. ఇంకా కిందికి మరో నాలుగు పార్టీలు. కుడి పేజీలో మొదట రిఫార్మ్ పార్టీ అభ్యర్థి బుకానన్ జంట. కింద మరో మూడు. మధ్యలో ఉన్నది ఒకే రంధ్రాల వరుస కనుక ఎడమ పేజీవారికి ఒకటి, కుడి పేజీవారికి ఒకటి చొప్పున రంధ్రాలు మార్చి మార్చి కేటాయించారు. మొదటి రంధ్రం బుష్‌ది. రెండోది బుకానన్‌ది. మూడోది గోర్‌ది. ప్రతి పేరు పక్కన ఒక అంకె, ఆ అంకె నుంచి రంధ్రం వైపు ఒక బాణం ఉన్నాయి. బాణాలన్నీ సరిగ్గా చూపవలసిన చోటునే చూపాయి. ఆ బ్యాలెట్‌లో అచ్చుతప్పు వెతికినా దొరకదు.

అయినా చదివే కన్ను ఎడమ పేజీని పైనుంచి కిందికి చూస్తుంది. తన మనిషి రెండో వరుసలో కనిపించగానే చదవడం ఆగిపోతుంది, ఎందుకంటే వెతుకుతున్నది దొరికింది. ఇక వేలు పని మొదలవుతుంది. రెండో పేరుకు రెండో రంధ్రం అన్నది వేలికి ఎవరూ నేర్పనవసరం లేని లెక్క. కుడి పేజీలో మరికొన్ని పేర్లున్నాయని, వాటి రంధ్రాలు కూడా ఇదే వరుసలో ఇరుక్కున్నాయని తెలియాలంటే, తనకు అక్కర్లేని పేజీని కూడా ఓటరు చదివి ఉండాలి. పేరుకూ దాని రంధ్రానికీ మధ్య వేరొకరి రంధ్రం వచ్చి కూర్చుంది. కౌంటీలో జరిగినదంతా ఆ ఒక్క స్థానభ్రంశం నుంచే పుట్టింది.

చిల్లులు చెప్పిన సంగతి

పామ్ బీచ్‌లో బుకానన్‌కు 3,400కు పైగా ఓట్లు పడ్డాయి. డెమొక్రాట్ల వైపు మొగ్గే ఆ కౌంటీ ఓటర్ల స్వభావం తెలిసినవారికి ఆ సంఖ్య నమ్మశక్యంగా అనిపించలేదు. వాటిలో చాలా ఓట్లు తనవి కావని బుకానన్ స్వయంగా అన్నారు. రాష్ట్రం మొత్తం మీద సుమారు 60 లక్షల ఓట్లలో బుష్ ఆధిక్యం చివరికి 537 ఓట్లుగా ఖరారైంది. ఆ 537తోనే అధ్యక్షుడిని ఎన్నుకోవడానికి ఫ్లోరిడాకు కేటాయించిన 25 ఎలక్టోరల్ ఓట్లూ, వాటితో అధ్యక్ష పదవీ నిర్ణయమయ్యాయి.

ఇక్కడ డిజైనర్‌కు అత్యంత విలువైన సాక్ష్యం ఒకటుంది. ఇంటి నుంచి తపాలా ద్వారా ఓటు వేసినవారికి అదే కౌంటీలో ఈ రెండు పేజీల బ్యాలెట్ ఇవ్వలేదు. అదే ప్రాంతం, అదే ఎన్నిక, అవే పేర్లు. అమరిక మాత్రమే వేరు. 2001లో రాజనీతి శాస్త్రవేత్తలు ఈ రెండు వర్గాలనూ పోల్చినప్పుడు, పోలింగ్ కేంద్రాల్లో బుకానన్‌కు వచ్చిన వాటా తపాలా ఓట్లలో వచ్చిన వాటాకు నాలుగు రెట్లు ఉందని తేలింది. రెండు వేల మందికి పైగా డెమొక్రటిక్ ఓటర్లు పొరపాటున బుకానన్‌కు ఓటు వేశారని వారు నిర్ధారించారు. ఏ డిజైన్ మార్పు ఎంత హాని చేసిందో ఇంత శుభ్రంగా విడదీసి చూపే అవకాశం మామూలు పనిలో మాకు దొరకదు.

దానికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసినవి చెల్లని ఓట్లు. అధ్యక్ష పదవికి ఒకటికి మించి చిల్లులు పడ్డాయని 19 వేలకు పైగా కార్డులను లెక్కలోంచి తీసేశారు. తర్వాత ఆ కార్డులను పరిశీలించిన స్థానిక పత్రిక ఒకటి, గోర్‌కూ బుకానన్‌కూ కలిపి చిల్లు పెట్టినవి 5,330 ఉన్నట్టు లెక్కించింది. రెండు రంధ్రాలూ పక్కపక్కనే ఉన్నవి. ఆ ఓటరు బూత్‌లో నిలబడి ఏం చేసి ఉంటారో ఊహించండి. మొదట రెండో రంధ్రంలో గుచ్చారు. తల ఎత్తి చూస్తే బాణం వేరే వైపుకు ఉంది. పొరపాటు తెలిసింది, కానీ పడిన చిల్లును పూడ్చే దారి లేదు; సరిచేద్దామని మూడో రంధ్రంలో కూడా గుచ్చారు. మరికొందరి సంగతి వేరే అయి ఉండవచ్చు: ప్రతి గడిలో అధ్యక్షుడిదీ ఉపాధ్యక్షుడిదీ రెండు పేర్లున్నాయి, గడి పక్కన రెండు రంధ్రాలు కనిపిస్తున్నాయి, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి అనుకోవడంలో తప్పేముంది? ఒకే ఆకారంలో ఉన్న రెండు చిల్లుల వెనుక రెండు వేర్వేరు ఆలోచనలు ఉండగలవన్నది ఈ కార్డుల నుంచి నేను నేర్చుకున్న విషయం. ఫలితాన్ని మాత్రమే చూస్తే కారణం తెలియదు. గుచ్చుతున్న చేతిని చూస్తేనే తెలుస్తుంది.

పోలింగ్ రోజునే ఫిర్యాదులు రావడంతో పోలింగ్ సిబ్బందికి ఒక సూచన పంపారు. దాని సారాంశం ఇది: అభ్యర్థి పక్కనున్న అంకె పక్కనున్న బాణం పక్కనున్న రంధ్రంలో గుచ్చమని ఓటర్లకు గుర్తుచేయండి. ఈ వాక్యాన్ని నేను మా గోడ మీద అంటించి ఉంచాను. ఒక పేరును దాని రంధ్రంతో కలపడానికి మూడు 'పక్కనున్న'లు అవసరమయ్యాయంటే ఆ రెండింటి మధ్య ఉండవలసిన చుట్టరికం కాగితం మీద లేదని అర్థం. వివరణ రాయడం మొదలుపెట్టి వాక్యం సాగుతూ పోతుంటే, నేను పెన్ను పక్కన పెట్టి అమరిక వైపు తిరిగి చూస్తాను.

ఆ బ్యాలెట్‌ను పరిశీలించినవారు లేక కాదు. ఎన్నికకు ముందే నమూనా ప్రచురితమైంది, రెండు ప్రధాన పార్టీలవారూ చూశారు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఫ్లోరిడా సుప్రీంకోర్టు సైతం 2000 డిసెంబరు 1న ఆ బ్యాలెట్ చట్టాన్ని గణనీయంగా ఉల్లంఘించలేదనే తేల్చింది. ఎవరి వైపు నుంచి చూసినా వారు చూసింది సరిగ్గానే చూశారు: పేర్లన్నీ ఉన్నాయా, అక్షరదోషాలున్నాయా, తమ పార్టీ క్రమంలో సరైన చోట ఉందా. బల్ల మీద పరిచిన కాగితాన్ని తనిఖీ చేసే చూపు వేరు, పరికరం మీద వంగి, చేతిలో పుల్లతో, వెనుక వరుస కదులుతుండగా ఓటు వేసే చూపు వేరు. ఈ రెండో చూపుతో ముందుగా ఆ బ్యాలెట్‌ను పరీక్షించిన దాఖలా నాకు ఎక్కడా కనబడలేదు. ఎన్నిక జరిగిన కొద్ది వారాల్లోనే కెనడా పరిశోధకులు ఎడ్మంటన్‌లో ఒక షాపింగ్ మాల్‌కు వచ్చినవారి చేత ఇలాంటి రెండు వరుసల బ్యాలెట్‌ను నింపించగానే పొరపాట్లు బయటపడ్డాయి. అంత సులభమైన పరీక్ష అది.

మా ఓపీ పత్రంలో అదే తప్పు

ఈ కేసును నేను దూరం నుంచి మెచ్చుకుంటూ చదివినవాడిని కాను. కొన్నేళ్ల కిందట ఒక ఆసుపత్రి కోసం మేము ఓపీ పత్రం చేశాం. అందులో ఒక వరుస ఇలా ఉండేది: వివాహితులు, ఒక గడి, అవివాహితులు, ఒక గడి, వితంతువు, ఒక గడి, ఇతరులు, ఒక గడి. మాటకూ గడికీ, గడికీ తర్వాతి మాటకూ మధ్య ఖాళీ సరిసమానంగా ఉండేలా నేనే కొలిచి పెట్టాను. చూడడానికి ముచ్చటగా ఉందని సంతోషించాను. పత్రం వాడకంలోకి వచ్చాక ఒకరోజు కౌంటర్ దగ్గర కూర్చున్నాను. నమోదు చేసే అమ్మాయి ప్రతి పత్రాన్నీ తీసుకుని, ఆ ఒక్క వరుస దగ్గర ఆగి, "అమ్మా, మీకు పెళ్లయిందా?" అని నోటితో అడిగి, ఎర్ర పెన్నుతో దిద్దుతోంది. కట్ట తిరగేసి చూస్తే ఎర్ర గీతలు దాదాపు అన్నీ ఒకే చోట ఉన్నాయి.

గడి ముందున్న మాటకు చెందుతుందా, వెనుకున్న మాటకు చెందుతుందా అన్నది ఆ కాగితం చెప్పడం లేదు. వరుస మొదలు నుంచి చివరి దాకా చూసినవారికి తెలుస్తుంది, ఎందుకంటే మొదటి మాటకు ముందు గడి లేదు. కానీ 'అవివాహితులు' దగ్గరే కన్ను ఆగినవారికి రెండు పక్కలా రెండు గడులు కనిపిస్తాయి. పామ్ బీచ్ ఓటరు ముందున్న పరిస్థితి అచ్చంగా ఇదే. భర్తను పోగొట్టుకున్న ఒక పెద్దావిడను కౌంటర్ దగ్గర పదిమంది వింటుండగా ఆ ప్రశ్న అడగవలసి రావడం నా పని వల్ల జరిగింది. ఆ ఆవిడ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

దిద్దుబాటు చిన్నదే. ఒక్కో ఎంపికను ఒక్కో వరుసలోకి తెచ్చాం. గడిని ఎడమ వైపున, మాటకు ఆనుకునేలా పెట్టాం. వరుసకూ వరుసకూ మధ్య సన్నని గీత గీశాం. పత్రం కొంచెం పొడుగైంది, అచ్చు ఖర్చు గురించి ఒక చర్చ నడిచింది, చివరికి ఆసుపత్రి ఒప్పుకుంది.

యంత్రం మారింది

ఫ్లోరిడా ఉదంతం తర్వాత అమెరికా కాంగ్రెస్ 2002లో ఓటింగ్ సంస్కరణల చట్టం చేసింది. పంచ్ కార్డులను వదిలించుకోవడానికి రాష్ట్రాలకు నిధులిచ్చారు. టీవీల్లో వారాల తరబడి అందరూ చూసిన దృశ్యం అధికారులు కార్డులను వెలుతురుకు ఎత్తి సగం ఊడిన ముక్కలను పరిశీలించడం కనుక, దోషం కార్డుదే అన్న అభిప్రాయం బలపడింది. కార్డుకూ దోషం ఉంది, నిజమే. కానీ సీతాకోకచిలుక అమరికను ఏ యంత్రం మీద పెట్టినా కన్ను అలాగే తడబడుతుంది.

2006లో ఫ్లోరిడాలోనే సరసోటా కౌంటీ టచ్‌స్క్రీన్ యంత్రాలు వాడింది. అక్కడ ప్రతినిధుల సభకు జరిగిన ఎన్నికలో గెలుపు తేడా 369 ఓట్లు. ఆ కౌంటీలో బూత్‌కు వచ్చి, మిగతా పదవులకు ఓటు వేసి, ఈ ఒక్క పదవికి వేయకుండా వెళ్లినవారు సుమారు 18 వేలు. తపాలా కాగితపు ఓట్లలో ఆ ఖాళీల నిష్పత్తి చాలా తక్కువ. యంత్రంలో లోపం ఉందని వ్యాజ్యాలు నడిచాయి, ప్రభుత్వ పరీక్షల్లో అలాంటి లోపం ఏదీ బయటపడలేదు. స్క్రీన్ మాత్రం చూడదగినది. ఇద్దరే అభ్యర్థులున్న ఆ పోటీ పేజీ పైభాగాన చిన్నగా ఉంది. దాని కిందనే రంగు పట్టీతో శీర్షిక, ఆ శీర్షిక కింద గవర్నర్ పదవికి పేర్ల పెద్ద జాబితా ఉన్నాయి. రంగు పట్టీ దగ్గరే పేజీ మొదలవుతుందనుకున్న కన్ను దానిపైన ఉన్నదాన్ని దాటిపోయింది. పక్క కౌంటీల్లో వేరే పదవికి గవర్నర్ పోటీతో కలిపి ఒకే స్క్రీన్ ఇచ్చిన చోట కూడా అలాంటి ఖాళీలే కనిపించాయి.

దాంతో ఆ రాష్ట్రం టచ్‌స్క్రీన్లను కూడా వదిలి, స్కానర్ చదివే కాగితపు బ్యాలెట్లకు మారింది. 2007లో అమెరికా ఎన్నికల సహాయ సంఘం బ్యాలెట్ డిజైన్ మీద మార్గదర్శకాలు ప్రచురించింది. సూచనలున్న కాలమ్‌లో, వాటి కింద ఏ పోటీనీ పెట్టవద్దని వాటిలో ఉంది. 2018లో ఫ్లోరిడాలోని బ్రౌవర్డ్ కౌంటీ బ్యాలెట్‌లో ఎడమ కాలమ్ నిండా మూడు భాషల్లో సూచనలు, ఆ సూచనలకు అట్టడుగున సెనేట్ పోటీ ఉన్నాయి. గవర్నర్ పోటీ మధ్య కాలమ్ పైన ఉంది. ఆ కౌంటీలో గవర్నర్‌కు పడిన ఓట్ల కంటే సెనేట్‌కు సుమారు 25 వేలు తక్కువ పడ్డాయి; రాష్ట్రంలో సెనేట్ గెలుపు తేడా 10,033. ఆ 25 వేలూ సరిగ్గా పడి ఉంటే ఫలితం మారేదని నేను అనను, అవి ఒకే పక్షానికి పడేవి కావు. కానీ చూపు దాటిపోయే చోటు అది అని పదకొండేళ్ల ముందే అచ్చయి ఉంది. మార్గదర్శకం ఉండడమూ, బ్యాలెట్ తయారుచేసేవారి బల్ల మీదికి అది చేరడమూ రెండు వేర్వేరు పనులు.

మన ఈవీఎం, మన గుర్తులు

ఈ కేసును హైదరాబాద్‌లో చెప్పినప్పుడల్లా మన ఈవీఎం సంగతి వస్తుంది. రావాలి కూడా, ఎందుకంటే ఈవీఎంలు తయారుచేసే రెండు సంస్థల్లో ఒకటైన ఈసీఐఎల్ ఈ నగరంలోనే ఉంది. పామ్ బీచ్ దృష్టితో చూస్తే ఆ బ్యాలెట్ యూనిట్ మంచి డిజైన్. ఒక యూనిట్ మీద పదహారు వరుసలు, ఒకే నిలువు వరుస. ప్రతి పేరు, దాని గుర్తు, దాని నీలం బటన్ ఒకే అడ్డగీతలో ఉంటాయి. మధ్యలో మరొకరిది దూరదు. ఒకసారి నొక్కాక రెండో నొక్కుడు లెక్కకు రాదు కనుక 19 వేల కార్డుల లాంటి నష్టానికి అవకాశమే లేదు. 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో పసుపు, ఎర్రజొన్న రైతులు పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేసి 185 మంది అభ్యర్థులు నిలిచినప్పుడు, ప్రతి బూత్‌లో పన్నెండు యూనిట్లు పెట్టవలసి వచ్చింది. జాబితా భయపెట్టేంత పొడుగైనా ఏ బటన్ ఎవరిదన్న సందేహం మాత్రం అక్కడ లేదు. అందులో కష్టం వెతుక్కోవడంలోనే.

అయితే వరుస సరిగ్గా ఉన్నంత మాత్రాన పని ముగియదని అదే 2019లో భువనగిరి చూపించింది. అక్కడ గెలుపు తేడా 5,219 ఓట్లు. ఓడిన పార్టీ గుర్తు కారు. అదే యంత్రం మీద రోడ్డు రోలర్ గుర్తున్న అభ్యర్థికి 27 వేలకు పైగా ఓట్లు వచ్చాయి. రెండూ చక్రాల బండ్లే, రెండూ నలుపు గీతల్లో చిన్నగా అచ్చయ్యేవే. కారు అనుకుని రోలర్‌కు వేశారని ఆ పార్టీ ఫిర్యాదు చేసింది. 2022లో మునుగోడు ఉపఎన్నికలో కూడా ఇదే గుర్తు మీద వివాదం నడిచింది. ఆ ఓట్లలో ఎన్ని పొరపాటువో చెప్పడానికి పామ్ బీచ్ తపాలా ఓట్ల లాంటి పోలిక ఇక్కడ లేదు కనుక ఆ సంఖ్య మీద నేను ఏ తీర్పూ ఇవ్వను. కానీ చదవలేని ఓటరు కోసమే గుర్తులు పుట్టాయి. ఆ ఓటరు వరుసను చదవరు, ఆకారాన్ని వెతుకుతారు. గుర్తింపు పొందిన పార్టీలు జాబితాలో పైనుంటాయన్న క్రమం ఆమెకు తెలియనవసరం లేదు. వెతుకుతున్న ఆకారానికి దగ్గరగా ఉన్నది కంటపడితే వేలు అక్కడే ఆగుతుంది. 2015 నుంచి అభ్యర్థి ఫొటో కూడా చేర్చడం వల్ల కొంత మేలు జరిగింది, కానీ పార్టీ గుర్తును చూసి వేసేవారికి అభ్యర్థి ముఖం పరిచయం ఉండకపోవచ్చు.

రెండు గుర్తులు ఒకదానినొకటి పోలి ఉన్నాయా లేదా అన్నది వాదనతో తేలే విషయం కాదని నా నమ్మకం. బల్ల ముందు కూర్చుని పెద్ద సైజులో చూసే అధికారికి కారు కారే, రోలర్ రోలరే. మా పత్రాలకు మేము ఇప్పుడు చేసే పరీక్షనే దానికీ చేయవచ్చు: గుర్తులను యంత్రం మీద పడే అసలు సైజులో, అసలు కాగితం మీద అచ్చువేయించి, చుట్టూ అట్ట నిలబెట్టి, బూత్‌లో ఉండేంత వెలుతురే ఉంచి, అద్దాలు ఇంట్లో మరచి వచ్చిన పెద్దవాళ్లను ఒక్కొక్కరినే పిలిచి, "కారు మీద వేలు పెట్టండమ్మా" అని ఒక్క మాట చెప్పి, ఆ తర్వాత నోరు మెదపకుండా వేలు ఎక్కడెక్కడ ఆగుతుందో రాసుకోవడం. దానికి ఒక బల్ల, ఒక గది, అరపూట సమయం చాలు.